మూసీ సంగతి నాచునడగండి

మొన్నామధ్య ఊరి నుంచి తిరిగొస్తూ నాగోలు బ్రిడ్జి మీద బండి ఆపాను. వెనక కూర్చున్నది నా ఇంటర్ స్నేహితుడు. నేను ఎంపీసీ, వాడు బైపీసీ. నేను ఇంజనీరింగ్ చదివి సాఫ్టువేరులో పడ్డాను, వాడు బోటనీలో ఎమ్మెస్సీ చేసి ఓ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నాడు. కింద మూసీ. ఒడ్డు పక్కన, పారకుండా నిలిచిపోయిన చోట, నీళ్ళు చిక్కటి ఆకుపచ్చ రంగులో ఉన్నాయి.

"పర్లేదురా, నల్లగా ఉండేది కాస్తా పచ్చబడింది. బాగుపడుతున్నట్టుంది" అన్నాను.

వాడు నన్ను చూసిన చూపు ఎలా ఉందంటే, సర్వర్ పడిపోయి అందరం తలలు పట్టుకున్నప్పుడు "ఒకసారి రీస్టార్ట్ చేసి చూడకపోయారా" అనే మేనేజర్ని మేం చూసే చూపులా ఉంది :)

"కామెర్లొచ్చి పచ్చబడ్డవాణ్ణి చూసి రంగు తేలాడంటావేంట్రా?" అన్నాడు.

అని ఊరుకోలేదు. కిందకి దిగి, ఖాళీ వాటర్ బాటిల్లో ఆ నీళ్ళు పట్టుకొచ్చాడు. మర్నాడు వాళ్ళ కాలేజీ మైక్రోస్కోపు కింద ఒక చుక్క వేసి నన్ను చూడమన్నాడు. ముందు ఏమీ అర్థం కాలేదు. తర్వాత కళ్ళు అలవాటు పడ్డాయి. సన్నటి నీలి ఆకుపచ్చ దారాలు మెల్లగా అటూ ఇటూ ఊగుతున్నాయి. మధ్యలో పచ్చటి కదురుల్లాంటివి ఈదుతున్నాయి. మొదటివి ఆసిలటోరియా, రెండోవి యూగ్లీనా. "ఈ ఇద్దరూ కలిసి కాపురం పెట్టారంటే అక్కడ మురుగు దండిగా ఉందని అర్థం. నీ నది పచ్చబడింది గానీ బాగుపడలేదు" అన్నాడు.

ఆ చుక్క చూసినప్పట్నుంచి నా బుర్రలో ఒకటే గోల. మూసీ గురించి ఇంత మాట్లాడతాం. పేపర్లు, టీవీలు, అసెంబ్లీ, అన్నిచోట్లా మూసీయే. కోట్ల లెక్కలు, డిజైన్లు, రంగురంగుల బొమ్మలు. మరి ఆ నీళ్ళలో ఏం బతుకుతోంది అని ఒక్కరైనా అడిగారా? నది బాగుపడిందో లేదో చెప్పగల సాక్షి ఆ నీళ్ళలోనే ఉంటే, ఆ సాక్షిని తప్ప అందర్నీ విచారిస్తున్నాం. ఈ టపా గొడవంతా అదే.

పింగ్ కొట్టి ఆరోగ్యం చెప్పే డాక్టర్లు

మా వృత్తిలో ఒక మాటుంది. సర్వర్ బతికుందో లేదో తెలుసుకోవాలంటే పింగ్ కొడితే చాలు. ఆరోగ్యంగా ఉందో లేదో తెలియాలంటే మాత్రం లాగ్ ఫైళ్ళు తెరవాలి. పింగ్ ఈ క్షణం సంగతి చెబుతుంది. లాగ్ అయితే గత నెల రాత్రి రెండింటికి ఏం జరిగిందో కూడా చెబుతుంది.

మూసీ నీటికి మనం చేస్తున్న పరీక్షలు చాలావరకు పింగ్ లాంటివి. ఒకరోజు ఒకచోట సీసాతో నీళ్ళు పడతారు. బీఓడీ ఎంత, కరిగిన ఆక్సిజన్ ఎంత, కోలిఫాం ఎంత అని చూస్తారు. బీఓడీ అంటే నీళ్ళలో ఉన్న కుళ్ళుని తినడానికి సూక్ష్మజీవులకి ఎంత ఆక్సిజన్ కావాలి అన్న లెక్క. మన దేశంలో ఆ సీసాని 27 డిగ్రీల దగ్గర 3 రోజులుంచి చూస్తారు. స్నానానికి పనికొచ్చే నీళ్ళలో అది లీటరుకి 3 మిల్లీగ్రాములు దాటకూడదు, ఆక్సిజన్ 5 మిల్లీగ్రాములకి తగ్గకూడదు. ఇవి మంచి పరీక్షలే, వద్దనట్లేదు. కానీ సీసా పట్టిన రోజు ఫ్యాక్టరీ వాడు వదలకపోతే? ముందురోజు వానపడి కడిగేసి ఉంటే?

ఇంకో తమాషా వినండి. నాచు పగలు ఎండలో ఆక్సిజన్ వదులుతుంది. రాత్రయ్యేసరికి అదే నాచు ఆక్సిజన్ పీల్చుకుంటుంది. అందుకే నాచు విపరీతంగా పెరిగిన నీళ్ళలో మధ్యాహ్నం ఆక్సిజన్ దిట్టంగా కనిపిస్తుంది, తెల్లవారుజామున పాతాళానికి పడిపోతుంది. చెరువుల్లో చేపలు తెల్లారేసరికి చచ్చి తేలడానికి ఇదొక ముఖ్య కారణం. మన శాంపిళ్ళు పట్టేది మామూలుగా పగటి పూట. అంటే ట్రాఫిక్ లేని టైములో సర్వర్ని చూసి "భేషుగ్గా ఉంది" అని సర్టిఫికెట్ ఇవ్వడం లాంటిదే.

మరి లాగ్ ఫైలు ఎక్కడుంది? రాయి మీద జారే పాచిలో ఉంది. అందులో డయాటంలని ఉంటాయి. ఒకే కణం, చుట్టూ గాజులాంటి సిలికా డబ్బా, దానికో మూత. రాయికి అతుక్కుని బతుకుతాయి, పైనుంచి విషం వస్తే పారిపోలేవు. ఏ రకానికి ఏ నీళ్ళు పడతాయో వేరు వేరు. కాబట్టి ఆ రాయి మీద ఈరోజు ఎవరున్నారు, ఎవరు లేరు అని చూస్తే గత కొన్ని వారాలుగా ఆ రాయి మీంచి ఎలాంటి నీళ్ళు పోయాయో తెలుస్తుంది. ఫ్యాక్టరీ వాడు అర్ధరాత్రి వదిలి తెల్లారి చేతులు కడుక్కున్నా డయాటంల దగ్గర దాక్కోలేడు. శాంపిల్ తియ్యడానికి కావాల్సిన పరికరం ఏంటో తెలుసా? టూత్ బ్రష్షు. నిజంగానే. రాయిని బ్రష్షుతో తోమి ఆ పాచిని ఒక డబ్బాలో పడతారు.

ఇదేదో కొత్త ఫ్యాషన్ అనుకునేరు

1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాదుని ముంచేసింది. ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్య వచ్చారు, 1920లో గండిపేట, 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. ఇది అందరికీ తెలిసిందే. సరిగ్గా అదే 1908లో జర్మనీలో కోల్క్‌విట్జ్, మార్సన్ అనే ఇద్దరు ఏ నాచు, ఏ సూక్ష్మజీవి ఎంత మురుగులో బతుకుతుందో జాబితా కట్టి, నది ఆరోగ్యాన్ని దాంట్లో బతికేవాళ్ళని బట్టి చెప్పొచ్చని పద్ధతి రాశారు. అంటే ఈ శాస్త్రానికీ మన జంట జలాశయాల ఆలోచనకీ దాదాపు ఒకే వయసు.

అది పరాయి దేశం సంగతంటారా? మన సంగతే చెబుతా. ఉస్మానియా యూనివర్సిటీ బోటనీ శాఖలో వి. వెంకటేశ్వర్లు అనే శాస్త్రవేత్త మూసీలో నాచు మీదే పరిశోధన చేశారు. 1969, 1970ల్లో హైడ్రోబయాలజియా అనే అంతర్జాతీయ పత్రికలో నాలుగు భాగాలుగా అచ్చయింది. మొదటి భాగం నీటి భౌతిక, రసాయన లక్షణాలు. రెండోది ఏ నాచు ఎక్కడ పెరగాలో నిర్ణయించేవి ఏంటని. మూడు, నాలుగు భాగాలు ఏ కాలంలో ఏవి పెరుగుతాయి, ఏవి తగ్గుతాయి అని. పేరులోనే "నీటి కాలుష్యాన్ని దృష్టిలో ఉంచుకుని" అని స్పష్టంగా ఉంది.

ఒక్కసారి ఆగి ఆలోచించండి. మన ఊళ్ళో, మన యూనివర్సిటీలో, మన నది మీద, యాభై ఏళ్ళ కిందటే పునాది వేసి పెట్టారు. ఇంకో దేశమైతే ఆ నాలుగు పేపర్లని నెత్తిన పెట్టుకుని, అవే చోట్ల ఏటేటా కొలిచి, నది ఎలా మారిందో యాభై ఏళ్ళ సినిమా చూపించేది. మనం? నది మీద ఎన్నిసార్లు శంకుస్థాపనలు జరిగాయో చెప్పగలం గానీ నదిలో ఎన్ని రకాల నాచు పోయాయో చెప్పలేం. సంతకు పోయి బుట్ట మర్చిపోయిన బాపతు.

యూరప్ వాళ్ళు 2000లో తెచ్చుకున్న నీటి చట్టంలో నదుల ఆరోగ్యం చెప్పడానికి డయాటంలతో సహా నాచుని ఒక తప్పనిసరి ప్రమాణంగా పెట్టుకున్నారు. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కూడా నదీగర్భంలో బతికే పురుగుల్ని బట్టి నీటికి గ్రేడు ఇచ్చే పద్ధతి ఎప్పుడో తయారుచేసింది. నీలం నుంచి ఎరుపు దాకా ఐదు రంగులు. అంటే ఐడియా లేక కాదు. మరి బీఓడీ అంకె ప్రతి పేపర్లోనూ ఎక్కుతుంది కదా, మూసీ ఏ రంగులో ఉందో మీరెప్పుడైనా చదివారా?

రెండు లెక్కలు, ఇంజనీర్లకి కూడా అర్థమయ్యేవి

మొదటిది పామర్ సూచిక. అదీ 1969లోదే. సి. మెర్విన్ పామర్ అనే అమెరికన్ మురుగుని తట్టుకునే 20 నాచు ప్రజాతులు తీసుకుని ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులిచ్చాడు. యూగ్లీనాకి 5, ఆసిలటోరియాకి 5, క్లామిడోమోనాస్, సీనెడెస్మస్‌లకి 4 చొప్పున, క్లోరెల్లా, నావిక్యులా, నిట్‌జ్షియాలకి 3 చొప్పున. శాంపిల్లో ఎవరెవరున్నారో చూసి మార్కులు కూడండి. 20 వచ్చినా, దాటినా సేంద్రియ మురుగు తీవ్రంగా ఉన్నట్టు. 15 నుంచి 19 అయితే ఉండొచ్చని అనుమానం. ఇక్కడ ఎక్కువ మార్కులొస్తే ఫెయిల్ అన్నమాట. యూగ్లీనా, ఆసిలటోరియా, సీనెడెస్మస్, క్లోరెల్లా, నిట్‌జ్షియా కలిస్తే చాలు, ఐదుగురితోనే 20 అయిపోయింది.

రెండోది చూసి నేను కుర్చీలోంచి లేచినంత పని చేశాను. షానన్ సూచిక! అవును, మన క్లాడ్ షానన్. 1948లో టెలిఫోను తీగల్లో సమాచారం కొలవడానికి రాసిన ఫార్ములా. ఇంజనీరింగ్‌లో ఎంట్రోపీ పేరుతో బట్టీ కొట్టి, పరీక్ష రాసి, మర్చిపోయిన అదే ఫార్ములా. దాన్ని జీవశాస్త్రం వాళ్ళు పట్టుకెళ్ళి జీవవైవిధ్యం కొలవడానికి వాడుకుంటున్నారు. నీళ్ళలో 8 రకాలు సమానంగా ఉంటే విలువ 3. ఒకటే రకం నూటికి 90 వంతులు ఆక్రమించి మిగతా 10 ఇంకో రకం అయితే విలువ 0.47. విల్మ్, డారిస్ అనే ఇద్దరు 1968లో నదీగర్భపు పురుగుల మీద చేసిన పనిలో 3 దాటితే శుభ్రం, 1 కంటే తక్కువైతే ఘోరం అని గీత గీశారు. తర్వాతవాళ్ళు దాన్ని నాచుకీ వాడుతున్నారు.

దీని వెనకున్న తర్కం చాలా సులువు. మురుగు పెరిగేకొద్దీ సున్నితమైనవి ఒక్కోటీ వెళ్ళిపోతాయి. మొండివి మిగులుతాయి. పోటీ లేక అవే లక్షల్లో పెరుగుతాయి. పైకి పచ్చదనం పెరిగింది అనిపిస్తుంది, లోపల రకాలు తగ్గిపోతుంటాయి. ఊళ్ళో అన్ని కొట్లూ మూతపడి ఒక్క సారా కొట్టు మాత్రం కిటకిటలాడుతుంటే "వ్యాపారం బాగుంది" అంటామా?

ఒక మాట ఒప్పుకోవాలి. ఈ సూచికలు మంత్రదండాలు కావు. కొద్దిపాటి మురుగు కలిసినప్పుడు రకాలు తగ్గడానికి బదులు పెరగొచ్చు. స్వచ్ఛమైన కొండవాగులో కూడా రకాలు తక్కువే ఉండొచ్చు. అందుకే ఎన్ని రకాలు అన్నది ఒక్కటే కాదు, ఏ రకాలు అన్నదీ చూడాలి. ఒకే చోట ఏళ్ళ తరబడి చూడాలి. రసాయన పరీక్షలు మానెయ్యమని నేననట్లేదు, వాటి పక్కన దీన్ని కూర్చోబెట్టమంటున్నాను.

అసలు భయం ఇక్కడుంది

ఇప్పుడు మీరడగొచ్చు, మురుగే ఆపలేని చోట నాచు లెక్కలెందుకయ్యా అని. ముందు ఎస్టీపీలు కట్టనివ్వండి, తర్వాత చూద్దాం అని. నాకు భయమల్లా సరిగ్గా అక్కడే.

2021లో హైదరాబాదుకి 31 కొత్త ఎస్టీపీలు మంజూరయ్యాయి. రోజుకి 1,259.5 మిలియన్ లీటర్ల సామర్థ్యం. అప్పటికి ఉన్నవి 772 మిలియన్ లీటర్లు. మంచిదే, చప్పట్లు కొడదాం. కానీ ఎస్టీపీ పాసవ్వడానికి మనం పెట్టిన పరీక్ష ఏంటి? 2015లో కేంద్రం ఒక ముసాయిదా తెచ్చింది. అందులో బీఓడీ 10 ఉండాలని, నైట్రోజన్‌కి కూడా పరిమితి ఉండాలని రాశారు. 2017 అక్టోబరులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి బీఓడీ మహానగరాలకి 20, మిగతాచోట్ల 30 అయింది. నైట్రోజన్ మాట ఎగిరిపోయింది. ఫాస్ఫరస్ ఊసే లేదు. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఇది సరిపోదు, ప్రమాణాలు బిగించమని ఆదేశించాల్సి వచ్చింది.

నైట్రోజన్, ఫాస్ఫరస్ అంటే ఏంటి? రైతు బస్తాలు కొని పొలంలో చల్లేవి అవే. అంటే నాచుకి యూరియా, డీఏపీ. ఎస్టీపీ కుళ్ళుని తీసేసి, ఎరువుని మాత్రం నదిలోకి వదిలిందనుకోండి. బీఓడీ రిపోర్టులో పచ్చ టిక్కు పడుతుంది. నీళ్ళు నల్లదనం పోయి తేటపడతాయి, ఎండ లోపలిదాకా దిగుతుంది. ఎండ, ఎరువు, నిలవ నీళ్ళు, మూడూ కలిస్తే ఏమవుతుందో తెలియాలంటే దూరం పోనక్కర్లేదు. 1562లో కట్టిన హుస్సేన్‌సాగర్ ఉంది కదా, వేసవిలో వెళ్ళి చూడండి. పైన పచ్చ పెయింటు ఒలికినట్టు తేలే మైక్రోసిస్టిస్ అనే నీలి ఆకుపచ్చ నాచు అక్కడ పాత కాపు. అందులో కొన్ని రకాలు మైక్రోసిస్టిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి. కాలేయాన్ని దెబ్బతీసేది. తాగే నీళ్ళలో అది లీటరుకి ఒక మైక్రోగ్రాము దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. కాచినంత మాత్రాన పోయేది కాదు. బీఓడీ పరీక్షలో ఈ విషం కనపడుతుందా? కనపడదు. మైక్రోస్కోపులో ఆ నాచు గుంపులు కనపడతాయి, మనకి ముందే తెలుస్తుంది.

కొత్త పద్ధతుల ప్లాంట్లలో నైట్రోజన్, ఫాస్ఫరస్ కొంతవరకు తీసే వీలుంది. కానీ కరెంటు ఖర్చు, జాగ్రత్త, మందులు కావాలి. మార్కులు లేని ప్రశ్నకి జవాబు రాసే స్టూడెంట్‌ని మీరు చూశారా? నేను చూళ్ళేదు. నేనూ రాయలేదు.

ఇప్పుడు దీనికి రివర్‌ఫ్రంట్ కలపండి. 2017లో అప్పటి ప్రభుత్వం మూసీ రివర్‌ఫ్రంట్ కార్పొరేషన్ పెట్టింది. 2024లో తర్వాతి ప్రభుత్వం పునరుజ్జీవం అంటూ ఎత్తుకుంది. పార్టీ ఏదైనా బొమ్మలు ఒకటే. రెండువైపులా గోడలు, లైట్లు, నడిచే దారులు, మధ్యలో నిండుగా, కదలకుండా, అద్దంలా నీళ్ళు. అహ్మదాబాదు సబర్మతిని చూపిస్తారు. అక్కడ నగరం మధ్యలో కనిపించేవి చాలావరకు నర్మద కాలవ నుంచి తెచ్చిన నీళ్ళు, వాస్నా బరాజ్ వెనక నిలబెట్టినవి. బరాజ్ దాటాక నది పరిస్థితి ఎంత ఘోరంగా ఉందంటే 2021లో గుజరాత్ హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. మనకీ గోదావరి నీళ్ళు తెస్తామంటున్నారు. 2025 సెప్టెంబరులో శంకుస్థాపన చేసిన పథకంలో 20 టీఎంసీల్లో 2.5 టీఎంసీలు మూసీ కోసం. నీళ్ళు కలిపితే బీఓడీ అంకె దిగుతుంది, నిజమే. చారులో ఉప్పెక్కువైందని చెంబుడు నీళ్ళు పోస్తే ఉప్పు ఘాటు తగ్గుతుంది గానీ పోసిన ఉప్పు ఎక్కడికి పోతుంది? దిగువకి పోతుంది. దిగువన మా ఊరుంది.

ఇంకొకటి, హైదరాబాదుకే ప్రత్యేకమైనది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల వ్యర్థజలాల్ని శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్ళని పరీక్షించారు. శుద్ధి చేశాక వచ్చే నీళ్ళు సుమా! సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. తర్వాత అక్కణ్ణుంచి సుమారు 18 కిలోమీటర్ల పైపులైను వేసి అంబర్‌పేట ఎస్టీపీకి కలిపారు. అంటే చివరికి మూసీకే. నీలి ఆకుపచ్చ నాచు నిజానికి బ్యాక్టీరియా జాతే, కాబట్టి యాంటీబయాటిక్ దాన్ని దెబ్బకొడుతుంది. కొత్త యాంటీబయాటిక్ పర్యావరణానికి ఎంత ప్రమాదమో తేల్చడానికి దీని మీదే పరీక్షిస్తారు. నదిలో నాచు కూర్పు మారితే అది ఒక అలారం. బీఓడీ సీసాకి ఆ అలారం వినపడదు.

"అయ్యే పనేనా" అనేవాళ్ళకి

ఒకటి: "సెన్సార్లు పెడితే సరిపోదా? నువ్వు సాఫ్టువేరు వాడివే కదా!" పెట్టండి, నాకూ ఇష్టమే. రాత్రి ఆక్సిజన్ పడిపోవడం పట్టుకోవాలంటే సెన్సారే కావాలి. కానీ సెన్సారు తనకి చెప్పిన నాలుగు విషయాలే కొలుస్తుంది. నాచు చెప్పనివి కూడా కొలుస్తుంది.

రెండు: "నాచుని గుర్తుపట్టేవాళ్ళెక్కడున్నారు?" ఇది నిజమైన ప్రశ్న. ఉన్నవాళ్ళు రిటైరవుతున్నారు, కొత్తవాళ్ళు రావట్లేదు. ఎందుకు రావట్లేదంటే వాళ్ళకి ఉద్యోగాలు లేవు కాబట్టి. నా స్నేహితుడు నాచు మీద ప్రాజెక్టు చేశాడు. వాడికి ఆ పని మీద జీతమిచ్చేవాడు ఇంతవరకు దొరకలేదు. నేను ఒక బటన్ రంగు మార్చినందుకు వాడికంటే ఎక్కువ జీతం తీసుకుంటున్నాను, సిగ్గుగానే ఉంది. జిల్లాకో డిగ్రీ కాలేజీ, ప్రతి కాలేజీలో మైక్రోస్కోపు ఉన్నాయి. శాంపిల్ చెడిపోకుండా ఉంచడానికి కావాల్సింది అయోడిన్ ద్రావణం. కార్పొరేషన్ ఒక కన్సల్టెంటుకిచ్చే ఫీజులో చిటికెడు పడేస్తే ఎమ్మెస్సీ పిల్లలు నది పొడవునా కూర్చుని లెక్కపెడతారు.

మూడు: "జనానికి ఇళ్ళు పోతున్నాయి, నువ్వు నాచు గురించి మాట్లాడతావా?" ఇళ్ళు పోతున్నాయి కాబట్టే మాట్లాడుతున్నా. 2024లో మూసీ ఒడ్డున గోడల మీద ఎర్ర రంగుతో గుర్తులు వేశారు. చాదర్‌ఘాట్ దగ్గర కొన్ని ఇళ్ళు కూలగొట్టారు. నది కోసం అన్నారు. సరే, నది కోసమే అనుకుందాం. అయితే రేపు నది నిజంగా బాగుపడిందని ఆ ఇల్లు పోయినావిడకి ఎవరు రుజువు చూపిస్తారు? ఎల్‌ఈడీ లైట్లా? ఒకరి ఇల్లు తీసుకుని ఇచ్చిన మాటకి కొలత లేకపోతే దాన్నేమంటారో మీరే చెప్పండి.

మా నాన్న అడిగిన ప్రశ్న

మాది వలిగొండ వైపు. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ హైదరాబాదు దాటి మా మీదుగా పోయి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. మా వైపు నది మీద కత్వలుంటాయి. పాతకాలపు అడ్డుకట్టలు, నీళ్ళని కాలవల్లోకి, చెరువుల్లోకి మళ్ళిస్తాయి. భీమలింగం కత్వ మీలో కొంతమందికి తెలిసే ఉంటుంది. 2024 నవంబరులో ముఖ్యమంత్రి సంగెం నుంచి నడిచింది ఆ వైపే. నగరం మురుగు పుణ్యమా అని మాకు ఎండాకాలం కూడా నీళ్ళుంటాయి, రెండో పంట పండుతుంది. మడిలో దిగితే మోకాళ్ళ దాకా దురద. మా నాన్న ఎప్పుడూ ఒక మాటంటాడు: "నీళ్ళొస్తున్నయని సంబురపడాల్నా, గీ నీళ్ళే వస్తున్నయని ఏడ్వాల్నా?"

ఈసారి ఊరెళ్ళినప్పుడు స్నేహితుణ్ణి తీసుకెళ్ళింది అందుకే. వాడు కత్వ కింద రాళ్ళని టూత్ బ్రష్షుతో తోముతుంటే చుట్టూ పిల్లలు చేరి నవ్వారు. మా నాన్న గట్టు మీద నిలబడి చాలాసేపు చూశాడు. చివరికి అడిగాడు: "గిది జూస్తే నీళ్ళు మంచియో చెడ్డయో తెలుస్తదా?" తెలుస్తుంది మామా అన్నాడు వాడు. "మరింకేంది, సర్కారోళ్ళకు జెప్పరాదు?"

నాన్నా, చెబుతున్నా. నాకు తెలిసిన పద్ధతిలో, ఇదిగో ఇలా.

అడుగుతున్నవి నాలుగే. గండిపేట పైన, నగరం మధ్యలో, నాగోలు దిగువన, మా కత్వల దగ్గర, వాడపల్లిలో, ఇలా నది పొడవునా కొన్ని చోట్లు శాశ్వతంగా ఖాయం చెయ్యండి. వేసవి, వాన, చలి మూడు కాలాల్లోనూ నాచు లెక్క తియ్యండి, వెంకటేశ్వర్లు గారి 1969 నాటి లెక్కలు పక్కన పెట్టుకుని. నైట్రోజన్, ఫాస్ఫరస్ కూడా వాటితోపాటే కొలవండి. స్లైడు ఫోటోలతో సహా మొత్తం జనం ముందు పెట్టండి, సంవత్సరం చివర పీడీఎఫ్ ముద్దగా కాదు, లెక్క చేసుకోడానికి వీలుగా. ఎస్టీపీ నడిపే కాంట్రాక్టరు బిల్లు పాసవ్వాలంటే ఆ లెక్క కూడా పాసవ్వాలని రాయండి. అంతే. ఇందులో రాకెట్లు ఎగరేసే పనేం లేదు.

కేంద్ర మండలి 2018లో దేశంలో 351 కలుషిత నదీభాగాల జాబితా ఇస్తే అందులో మూసీ ఉంది. ఆ జాబితా లోంచి పేరు కొట్టించుకోవడం సులువే, అంకె దింపితే చాలు. నదిని బాగుచెయ్యడం వేరే పని. ఆ రెండింటికీ తేడా అధికారులు చెప్పరు, కన్సల్టెంట్లు చెప్పరు, చెప్పినా మనం నమ్మం. పాచి చెబుతుంది. దానికి జీతం లేదు, ఎలక్షన్లు లేవు, అబద్ధం రాదు.

ఈసారి మీరు మూసీ బ్రిడ్జి దాటుతున్నప్పుడు నీళ్ళు పచ్చగా కనిపిస్తే నాలాగా సంతోషపడిపోకండి. ఎన్ని పచ్చలున్నాయి అని అడగండి. ఒకటే పచ్చ అయితే అనుమానించండి.

ఏమంటారు?